పాత కాగితం పేరుతో వచ్చే ప్లాస్టిక్: జావాలోని బంగున్ ఊరి సంగతి

2025 నుంచి విదేశీ ప్లాస్టిక్ చెత్త దిగుమతికి అనుమతులు ఇవ్వబోమని ఇండోనేషియా ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త చదివిన చాలామంది, సరే, ఇక ఆ దేశంలో అమెరికా చిప్స్ ప్యాకెట్ల గుట్టలు కనబడవన్నమాట అనుకున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆ గుట్టల ఫొటోలతో ప్రపంచానికి తెలిసిన ఊరు ఒకటుంది, దాని పేరు బంగున్. ఆ ఊరికి చెత్త ఎలా చేరిందో చూస్తే వ్యవహారం ఇంకోలా కనిపిస్తుంది. అక్కడి పెరళ్లలో ఆరబెట్టిన ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం దేశంలోకి ప్లాస్టిక్‌గా దిగలేదు. ఓడరేవు పత్రాల్లో దాని పేరు 'పాత కాగితం'.

కాగితం లోపల ప్లాస్టిక్ ఎలా వచ్చింది, అది ఒక వరి ఊరికి జీవనాధారం ఎలా అయింది, చివరికి కోడిగుడ్డు దాకా ఎలా వెళ్లింది, కొత్త నిషేధం ఇందులో దేన్ని ఆపుతుంది అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

ఊరు ఎక్కడుంది?

బంగున్ ఉన్నది ఇండోనేషియాలోని జావా దీవి తూర్పు భాగంలో, మొజొకెర్తో జిల్లాలో. ఆ దేశంలో రెండో అతిపెద్ద నగరమైన సురబాయా నుంచి నైరుతి దిక్కుగా సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే మొజొకెర్తో పట్టణం వస్తుంది. జావాలో రెండో పొడవైన నది బ్రాంతాస్ ఈ ప్రాంతం మీదుగానే పారుతుంది. అగ్నిపర్వతాల నేల, నిండా నీళ్లు. ఒకప్పటి మజాపహిత్ సామ్రాజ్యపు రాజధాని శిథిలాలు కూడా ఈ జిల్లాలోనే, త్రోవులాన్ దగ్గర ఉన్నాయి. ఎర్రటి ఇటుకలతో కట్టిన గోపుర ద్వారాలు, కోనేరు అక్కడ ఇప్పటికీ చూడొచ్చు.

ఇప్పుడు అదే జిల్లాలో కాగితం మిల్లులు, వంటల్లో రుచి కోసం వేసే మోనోసోడియం గ్లుటమేట్ ఫ్యాక్టరీ, ఒక పెద్ద ఇండస్ట్రియల్ పార్కు ఉన్నాయి. సురబాయా రేవు దగ్గర్లోనే ఉంది, నదిలో నీళ్లు పుష్కలం, కూలీ చవక. కాగితం తయారీకి ఈ మూడూ కావాలి.

మనకు సరదాగా అనిపించే సంగతి ఒకటి. అక్కడ ఊరిని 'దేసా' అంటారు, దేశాన్ని 'నెగారా' అంటారు. రెండూ సంస్కృతం నుంచి వెళ్లిన మాటలే, మనం దేశం, నగరం అనేవే. సముద్రం దాటేసరికి దేశం ఊరయింది, నగరం దేశమయింది. సర్పంచిని 'కెపాలా దేసా' అంటారు. కెపాలా అంటే తల, మన కపాలమే. ఈ కెపాలా దేసాను ఊరివాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. 2014లో వచ్చిన గ్రామ చట్టంతో ఊళ్లకు కేంద్రం నుంచి నేరుగా నిధులు వచ్చే ఏర్పాటు కూడా జరిగింది. అంటే బంగున్ ఏ దిక్కూ లేక చెత్త మీద పడ్డ మురికివాడ ఏమీ కాదు. పంచాయతీ, మసీదు, బడి, చుట్టూ వరి మళ్లు ఉన్న మామూలు జావా పల్లె. ఊరి పేరుకి వాళ్ల భాషలో 'లేవడం', 'కట్టడం' అని అర్థం.

పాత కాగితాన్ని ఎందుకు కొనుక్కోవాలి?

కాగితం అంటే చెట్టు నార. పాత కాగితాన్ని నీళ్లలో నానబెట్టి చిలికితే ఆ నార విడిపోతుంది. దాన్ని మళ్లీ పరిచి ఆరబెడితే కొత్త కాగితం. అయితే తిప్పి వాడిన ప్రతిసారీ నార కురచవుతుంది. అయిదు నుంచి ఏడు సార్లు తిరిగేసరికి ఇక పట్టు ఉండదు. అందుకే అట్టపెట్టెలు తయారు చేసే మిల్లుకు ఎప్పటికప్పుడు మంచి నార ఉన్న పాత కాగితం కొత్తగా వచ్చి పడుతూ ఉండాలి.

ఇండోనేషియాలో పోగయ్యే పాత కాగితం అక్కడి మిల్లులకు చాలదు. ఇంటింటి చెత్తను విడదీసి సేకరించే ఏర్పాటు సరిగా లేకపోవడం ఒక కారణం. తడిచెత్తలో కలిసిన కాగితం మిల్లుకు పనికిరాదు. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో మాత్రం కాగితం బోలెడంత పోగవుతుంది. పైగా ఆసియా నుంచి సరుకులు నింపుకుని వెళ్లిన కంటైనర్లు తిరుగు ప్రయాణంలో చాలావరకు ఖాళీగా రావాలి. ఖాళీగా తేవడం కంటే ఏదో ఒకటి వేసుకుని రావడం నయం కదా. అందుకే తిరుగు రవాణా చవక. పాత కాగితం లాంటి బరువెక్కువ, విలువ తక్కువ సరుకు సగం భూగోళం దాటి వచ్చినా గిట్టుబాటు అవుతుంది.

ఇంతవరకు ఇందులో ఎవరి తప్పూ లేదు. చెట్లు కొట్టడం కంటే పాత కాగితం వాడటం మంచిదే.

బేలు విప్పితే లోపల ఏముంటుంది?

పాత కాగితాన్ని నొక్కి తీగలతో కట్టిన పెద్ద దిమ్మెను బేలు అంటారు. పాశ్చాత్య దేశాల్లో చాలాచోట్ల ఇంటి ముందు ఒకే డబ్బా పెడతారు. పేపర్లు, అట్టలు, సీసాలు, డబ్బాలు అన్నీ అందులోనే వేయాలి. తర్వాత యంత్రాలు విడదీస్తాయి. జనం ఆ డబ్బాలో వేయకూడనివీ వేస్తారు, యంత్రం అన్నిటినీ పట్టుకోలేదు. దాంతో 'మిశ్రమ కాగితం' అనే చవక రకం బేళ్లలో ప్లాస్టిక్ కవర్లు, సీసాలు, డబ్బాలు, ఒక్కోసారి పసిపిల్లల డైపర్లు కూడా చేరిపోతాయి. వ్యాపార భాషలో దీన్ని కల్తీ శాతం అంటారు.

శాతాల్లో చెప్తే చిన్నదిగా అనిపిస్తుంది కాబట్టి ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి. ఒక 40 అడుగుల కంటైనర్‌లో 25 టన్నుల పాత కాగితం ఉందనుకోండి. 2 శాతం కల్తీ అంటే 500 కిలోలు. ఒక్కో ప్లాస్టిక్ కవరు 5 గ్రాములు అనుకుంటే ఆ ఒక్క కంటైనర్‌లో లక్ష కవర్లున్నట్టు. మిల్లు నెలకు 100 కంటైనర్లు దింపితే నెలకు 50 టన్నులు, ఏడాదికి 600 టన్నుల ప్లాస్టిక్. ఇది కల్తీ 2 శాతానికి మించకూడదన్న ఇండోనేషియా నిబంధన పాటించినప్పటి మాట. కల్తీ 10 శాతానికి పెరిగితే అదే మిల్లుకు ఏడాదిలో 3,000 టన్నులు వచ్చి పడతాయి.

మిల్లు ఆ ప్లాస్టిక్‌ను ఏం చేసుకోవాలి? కొంత బేలు విప్పగానే పక్కకు తీస్తారు. మిగిలింది కాగితాన్ని చిలికే పెద్ద తొట్టిలో తేలుతుంది. నార చిక్కుకుని, తడిసి, ముక్కలై బయటికి వస్తుంది. దీన్ని పద్ధతిగా పారవేయాలంటే డబ్బు ఖర్చవుతుంది. మిల్లు గేటు బయట మాత్రం దాన్ని కావాలనుకునే జనం ఉన్నారు.

ఊళ్లో చెత్త పంట

అలా ఆ ప్లాస్టిక్ లారీల్లో చుట్టుపక్కల ఊళ్లకు చేరింది. లోడు లెక్కన చేతులు మారేది. బంగున్‌లో ఇంటి ముందు, ఇంటి వెనక, రోడ్డు పక్కన, ఒకప్పుడు వరి పండిన చోట కూడా ప్లాస్టిక్ పరిచి ఎండబెట్టడం మొదలైంది. 2019లో విలేకరులు వెళ్లేసరికి ఊరి జనంలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఇదే బతుకుదెరువని కథనాలు వచ్చాయి.

పని చూడటానికి సులువు, చేస్తే నడుము విరుగుతుంది. గుట్ట ముందు కూర్చుని గంపల్లోకి వేరు చేయాలి. నీళ్ల సీసాలు ఒకవైపు, గట్టి ప్లాస్టిక్ కప్పులు ఒకవైపు, అల్యూమినియం డబ్బాలు, వైరు ముక్కలు ఇంకోవైపు. వేటి ధర వాటిదే. మన ఊళ్లలో పాత సామాన్లవాళ్ల దుకాణంలో ఇనుము, ఇత్తడి, ప్లాస్టిక్ వేరువేరుగా తూకం వేసినట్టే. తేడా ఏంటంటే, బంగున్ వాళ్లు ఏరేది తమ వీధి చెత్త కాదు. వాళ్లు ఎప్పుడూ చూడని ఊళ్ల సూపర్ మార్కెట్ కవర్లు, చదవలేని భాషల్లో ఉన్న లేబుళ్లు. అప్పుడప్పుడు ఆ గుట్టల్లో విదేశీ కరెన్సీ నోట్లు దొరుకుతాయని, అది ఓ చిన్న లాటరీ లాంటిదని కూడా చెప్పుకున్నారు.

వరి కంటే ఇదే ఎందుకు? వరికి నాలుగు నెలలు ఆగాలి, వాన కావాలి, కోతప్పుడు ధర పడిపోకూడదు. చెత్తకు ఈ గొడవ లేదు. ఎండ కాస్తే చాలు, అమ్మిన రోజే డబ్బు. పొలం లేని కూలీకీ, వయసు మళ్లిన ఆడవాళ్లకూ ఇంటి నీడనే పని దొరికింది. ఈ డబ్బుతోనే పిల్లల్ని కాలేజీ దాకా చదివించామని చెప్పినవాళ్లు ఉన్నారు. బయటి నుంచి చూసి 'పాపం' అనేవాళ్ల మీద ఊరివాళ్లకు చిరాకు రావడానికి కారణం ఇదేననుకుంటాను.

ఇంకో పక్క, తమ సొంత చెత్తకే ఆ ప్రాంతంలో సరైన ఏర్పాటు లేదు. పర్యావరణ కార్యకర్తలు బ్రాంతాస్ నది వంతెనల కింద ఏళ్ల తరబడి డైపర్లు పోగుచేసి చూపిస్తున్నారు. వాడిన డైపర్‌ను కాలిస్తే బిడ్డ ఒంటి మీద దద్దుర్లు వస్తాయని జావాలో ఒక నమ్మకం ఉంది. దాంతో కొందరు వాటిని నదిలో వేస్తారు. సొంత చెత్తను నది మోసుకుపోతుంటే, పరాయి చెత్త పెరట్లో ఆరుతోందన్నమాట.

చైనా తలుపు వేసేశాక

బంగున్‌లో ఈ పని 2018 కంటే ముందు నుంచే ఉంది. అయితే గుట్టలు ఒక్కసారిగా పెరిగింది ఆ ఏడాదే. అప్పటిదాకా ప్రపంచపు చెత్త దుకాణం చైనా. 1992 నుంచి లెక్క కడితే ప్రపంచంలో దేశాల మధ్య కదిలిన ప్లాస్టిక్ చెత్తలో 45 శాతం అక్కడికే వెళ్లిందని 2018లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. 2018 జనవరి నుంచి చైనా 24 రకాల వ్యర్థాల దిగుమతిని నిషేధించింది. అందులో ఇళ్ల నుంచి వచ్చే ప్లాస్టిక్‌తో పాటు విడదీయని మిశ్రమ కాగితం కూడా ఉంది. మిగతా కాగితానికి కల్తీ హద్దును 0.5 శాతానికి దించేసింది.

బేళ్లు కట్టేవాళ్లు ఒక్కరోజులో మానలేరు. ఓడలు మలేషియా, థాయిలాండ్, వియత్నాం, ఇండోనేషియాల వైపు మళ్లాయి. ఇండోనేషియాకు ప్లాస్టిక్ పేరుతోనే వచ్చిన సరుకు ఆ ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది. కాగితం పేరుతో వచ్చిన ప్లాస్టిక్ ఈ లెక్కలో చేరదు. ఏ లెక్కలోనూ చేరదు, ఎందుకంటే గణాంకాల్లో అది కాగితమే.

మిగిలింది తోఫు పొయ్యిలోకి

అమ్ముడుపోయేవన్నీ ఏరేశాక ఇంకా ఒక గుట్ట మిగులుతుంది. పలచటి కవర్లు, పొరలు పొరలుగా అంటించిన చిప్స్ ప్యాకెట్లు, నార అంటుకున్న ముక్కలు. ఏ రీసైక్లింగ్ వ్యాపారీ వీటిని ముట్టుకోడు. కానీ ఇవి బాగా మండుతాయి.

పక్క జిల్లా సిదోఆర్జోలో త్రోపోదో అనే ఊరుంది. అక్కడ పదుల సంఖ్యలో తోఫు బట్టీలున్నాయి. తోఫును వాళ్లు 'తాహు' అంటారు. చూడటానికి మన పనీర్‌లా ఉంటుంది. సోయాను నానబెట్టి, రుబ్బి, ఆ పాలను ఆవిరితో మరిగించి, విరిచి, బట్టలో కట్టి బరువు పెడతారు. పేదవాడి మాంసకృత్తు అదే, ఏ బండి మీద చూసినా కనబడుతుంది. దీన్ని మరిగించడానికి పొద్దస్తమానం బాయిలర్ మండుతూ ఉండాలి. కట్టెల ధరతో పోలిస్తే ఈ మిగులు ప్లాస్టిక్ చాలా చవక. తోఫు ధర అణా పెంచితే కొనేవాళ్లు పక్క బట్టీకి పోతారు. కాబట్టి ఒకడు ప్లాస్టిక్ వాడటం మొదలుపెడితే మిగతావాళ్లూ వాడక తప్పలేదు.

ఇండోనేషియా సోయాలో ఎక్కువ భాగం దిగుమతే, అందులోనూ పెద్ద వాటా అమెరికాది. గింజలూ సముద్రం అవతల నుంచే, పొయ్యిలో మంటా అవతల నుంచే. మధ్యలో పొగ మాత్రం స్థానికం.

గుడ్డు లెక్క: డయాక్సిన్ అంటే ఏంటి?

క్లోరిన్ ఉన్న పదార్థం, ముఖ్యంగా పీవీసీ లాంటి ప్లాస్టిక్, చాలినంత వేడి లేకుండా అరకొరగా కాలినప్పుడు డయాక్సిన్లు అనే విష పదార్థాలు పుడతాయి. వీటికి రంగు, రుచి లేవు. కొవ్వులో కరుగుతాయి, త్వరగా విరిగిపోవు. మనిషి ఒంట్లో చేరితే సగానికి తగ్గడానికి 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. క్యాన్సర్, హార్మోన్ల సమస్యలు, గర్భస్థ శిశువు ఎదుగుదల లోపాలతో వీటికి సంబంధం ఉంది.

గాలిలోని డయాక్సిన్‌ను కొలవడం కష్టం, ఖర్చు. అందుకని శాస్త్రవేత్తలు పెరటి కోడిని ఆశ్రయిస్తారు. నాటుకోడి రోజంతా నేల గీరుతుంది, బూడిద పడ్డ మట్టిని గింజతో పాటు మింగుతుంది. మట్టిలో ఉన్నది దాని కొవ్వులో, అక్కడి నుంచి గుడ్డు పచ్చసొనలో చేరుతుంది. ఒక ఊరి మట్టి ఎలా ఉందో చెప్పే చవకైన పరికరం ఆ గుడ్డు.

ఐపెన్ అనే అంతర్జాతీయ పర్యావరణ సంస్థల కూటమి, ఇండోనేషియాలోని ఎకోటన్ తదితర సంస్థలతో కలిసి బంగున్, త్రోపోదో ఊళ్ల గుడ్లను పరీక్షించి 2019 నవంబర్‌లో నివేదిక ఇచ్చింది. త్రోపోదో బట్టీ దగ్గర తీసుకున్న గుడ్డు ఒక్కటి తింటే, ఒక పెద్ద మనిషికి యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన రోజువారీ హద్దుకు 70 రెట్లు డయాక్సిన్ ఒంట్లోకి వెళ్తుందని అందులో తేలింది. ఆసియాలో పెరటి గుడ్లలో అప్పటిదాకా కొలిచిన స్థాయిల్లో ఇది రెండోది. మొదటిది వియత్నాంలోని బియెన్ హోవా. యుద్ధకాలంలో అమెరికా సైన్యం ఏజెంట్ ఆరెంజ్ అనే, డయాక్సిన్ కలిసిన, చెట్ల ఆకులు రాల్చే రసాయనాన్ని నిల్వ చేసిన వైమానిక స్థావరం అది.

70 రెట్లు అంటే ఏంటో విడమరిచి చూద్దాం. యూరప్ హద్దు ప్రకారం ఒక కిలో శరీర బరువుకు వారానికి 2 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. 70 కిలోల మనిషికి వారానికి 140, రోజుకు 20 పికోగ్రాములు. దానికి 70 రెట్లంటే 1,400. అంటే ఒక్క గుడ్డుతో 10 వారాల కోటా అయిపోయింది. వారానికి రెండు గుడ్లు తిన్నవాడు ఏడాదిలో ఇరవై ఏళ్ల కోటా తిన్నట్టు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పరీక్షించింది గుడ్లను, తోఫును కాదు. ఆ తోఫు తింటే ఇంత విషం వస్తుందని ఈ నివేదిక చెప్పలేదు. రెండోది, పరీక్షించిన నమూనాలు కొద్దివే. ఊరంతా ప్రతి గుడ్డూ ఇలాగే ఉందని దాన్నిబట్టి అనలేం. ప్రమాదం ఎక్కడుందో వేలెత్తి చూపడానికి మాత్రం అది చాలు. అయినా 2019 తర్వాత కూడా త్రోపోదోలో ప్లాస్టిక్ పొయ్యిల గురించి వార్తలు ఆగలేదు.

ఒకే వస్తువు, అయిదు పేర్లు

చట్టం ఏం చెబుతోందన్నది అసలు చిక్కుముడి. ఇండోనేషియాలో 2008 నాటి 18వ చట్టం చెత్త దిగుమతిని ఎప్పుడో నిషేధించింది. మరి ఇన్నేళ్లూ ఎలా వచ్చింది?

మాటల్లోనే ఉంది మడత పేచీ. వాళ్ల భాషలో 'సంపా' అంటే చెత్త, 'లింబా' అంటే పరిశ్రమ వ్యర్థం. సంపా దిగుమతి నేరం. ప్రమాదకరమైన లింబా దిగుమతీ నేరమే. ప్రమాదం లేని లింబాను మాత్రం పరిశ్రమకు ముడిసరుకుగా, ప్రభుత్వ అనుమతితో తెచ్చుకోవచ్చు. పాత కాగితం వచ్చేది ఈ మూడో దారిలో.

ఇప్పుడు ఒక నలిగిన షాంపూ సీసాను ఊహించుకోండి. అమెరికాలో ఇంటి డబ్బాలో పడినప్పుడు అది చెత్త. కాగితం బేలులో నలిగి ఓడ ఎక్కినప్పుడు అది ముడిసరుకులో కల్తీ. మిల్లు నుంచి బయటికి వచ్చినప్పుడు పరిశ్రమ వ్యర్థం. బంగున్ గంపలో పడగానే మళ్లీ సరుకు. త్రోపోదో పొయ్యి దగ్గర ఇంధనం. వస్తువు మారలేదు, ప్రతి చేతిలోనూ పేరు మారింది. ఏ అధికారిని అడిగినా తన గడప దగ్గర దాని పేరు సరిగ్గానే ఉందంటాడు, నిజమే కూడా.

కస్టమ్స్‌లోనూ ఇంతే. ప్రపంచమంతా సరుకులకు కోడ్ నంబర్లుంటాయి. ప్లాస్టిక్ వ్యర్థాలకు 3915, పాత కాగితానికి 4707. కంటైనర్ మీద 4707 అని ఉంటే అది కాగితమే. తలుపు తెరిచి, బేలు కోసి చూస్తే తప్ప లోపలిది తెలియదు. రోజూ వేల కంటైనర్లు దిగే రేవులో ఎన్నిటిని కోసి చూస్తారు?

2019లో కొన్నిటిని కోసి చూశారు. ఆ జూన్‌లో సురబాయా నుంచి 5 కంటైనర్లను అమెరికాకు తిప్పి పంపుతున్నామన్నారు. కాగితం మాత్రమే ఉండాల్సిన వాటిలో సీసాలు, డైపర్లు కనిపించాయి. జులైలో 8 కంటైనర్లు, 210 టన్నుల సరుకును ఆస్ట్రేలియాకు తిప్పి పంపుతామని ప్రకటించారు. 2020లో కల్తీ 2 శాతానికి మించకూడదని ప్రభుత్వం హద్దు పెట్టింది.

తిప్పి పంపడం దగ్గర మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. ఇండోనేషియా వెనక్కి పంపుతున్నామన్న 58 అమెరికా కంటైనర్లు నిజంగా ఎక్కడికి పోయాయో రెండు పర్యావరణ సంస్థలు 2019 అక్టోబర్‌లో లెక్క తీశాయి. అమెరికా చేరినవి 12. ఇండియాకు వచ్చినవి 38. సొంతదారుడి ఇంటికి పంపామన్న చెత్త పక్కింటి గుమ్మంలో తేలింది. ఆ ఏడాది మార్చిలోనే మన దేశం ఘన ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని పూర్తిగా నిషేధించింది. పాత కాగితానికి ఇక్కడా తలుపు తెరిచే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ కాగితం మిల్లుల చుట్టూ విదేశీ ప్లాస్టిక్ కాలుతోందని తర్వాత వచ్చిన కథనాలు చదివితే బంగున్ కథే ఊరు మార్చి చెప్పినట్టుంటుంది.

ఎవరి వాదన వాళ్లది

మిల్లుల మాట: మాకు కావాల్సింది నార. ప్లాస్టిక్ మేం అడిగి తెచ్చుకున్నది కాదు, వచ్చిన మేరకు మాకు నష్టమే. దిగుమతి కాగితం ఆపితే మిల్లు ఆగుతుంది, లేదా చెట్లు కొట్టాలి. ఇందులో నిజముంది. అయితే శుభ్రమైన బేలుకు ధర ఎక్కువ, మురికి బేలుకు తక్కువ. తక్కువ ధరది ఎంచుకున్నప్పుడు మిగిలిన తేడా మిల్లుకు, పారవేసే ఖర్చు ఊరికి పోతుంది. ఈ భాగం వాళ్ల వాదనలో వినబడదు.

ఊరివాళ్ల మాట: ఇది ఆపితే మాకు రేపు ఏం పని ఇస్తారు? మేం కాల్చడం లేదు, ఏరి అమ్ముతున్నాం. పట్నంలో చెత్త ఏరితే రీసైక్లింగ్, మేం ఏరితే నేరమా? దీనికి సరైన జవాబు ఇచ్చినవాళ్లు ఎవరూ నాకు కనబడలేదు. ఏరిన దానికి కొనేవాళ్లున్నంత వరకు వాళ్లు చేసేది రీసైక్లింగే. ఏరగా మిగిలింది ఎటు పోతోంది అనే దగ్గర వాదన బలహీనపడుతుంది.

పర్యావరణ సంస్థల మాట: ఊరికి వచ్చే ఆదాయం కళ్లకు కనబడుతుంది, ఒంట్లో చేరే విషం ఇరవై ఏళ్ల తర్వాత గానీ కనబడదు, అందుకే ఆదాయం ఎక్కువ అనిపిస్తుంది. ఎకోటన్ వ్యవస్థాపకుడు ప్రిగి అరిసాంది సురబాయా నది కాలుష్యం మీద చేసిన పనికి 2011లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం అందుకున్నారు. ఎకోటన్ ఆ నదీ తీరానిదే కాబట్టి బయటి నుంచి వచ్చి నీతులు చెబుతున్నారనడం కుదరదు.

చెత్త పంపే దేశాల మాట: మా కంపెనీలు చట్టబద్ధంగా అమ్మాయి, మీ కంపెనీలు చట్టబద్ధంగా కొన్నాయి. ప్రమాదకర వ్యర్థాలపై బాసెల్ ఒప్పందానికి 2019లో సవరణ చేసి, మురికి ప్లాస్టిక్ పంపాలంటే తీసుకునే దేశం ముందుగా ఒప్పుకోవాలన్నారు. 2021 జనవరి నుంచి అమలు. అమెరికా 1990లో ఆ ఒప్పందంపై సంతకం చేసింది గానీ ఇప్పటికీ ఆమోదించలేదు.

కొత్త నిషేధం దేన్ని ఆపుతుంది?

2025 నిషేధం పడేది ప్లాస్టిక్ వ్యర్థాల మీద, అంటే 3915 దారి మీద. ప్లాస్టిక్ గుళికలు, ముక్కలు తయారు చేసే రీసైక్లింగ్ ఫ్యాక్టరీలకు విదేశీ సరుకు అందదు. దేశంలోని చెత్తనే ఏరి కొనాల్సి వస్తుంది, ప్రభుత్వం ఆశించేది కూడా అదే. పాత కాగితం దిగుమతి మాత్రం కొనసాగుతుంది. కాబట్టి బంగున్‌కు వచ్చే దారి మూతపడలేదు. ఆ దారిలో కాపలా అంతా 2 శాతం హద్దు మీదే. ముందు వేసిన లెక్క ప్రకారం ఆ హద్దు లోపల కూడా ఒక్కో కంటైనర్‌కు లక్ష కవర్లు పడతాయి.

యూరప్ వైపు నుంచి ఇంకో మార్పు వస్తోంది. 2024లో అమల్లోకి వచ్చిన కొత్త యూరోపియన్ నిబంధన ప్రకారం 2026 నవంబర్ 21 నుంచి సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో లేని దేశాలకు ప్లాస్టిక్ వ్యర్థాలు పంపడం ఆగిపోవాలి. ఇండోనేషియా ఆ కూటమిలో సభ్యదేశం కాదు. కానీ ఇక్కడా నిషేధం ప్లాస్టిక్‌గా ప్రకటించిన ప్లాస్టిక్‌కే. కాగితం బేలు ఎంత మురికిగా ఉంటే అది కాగితం కాకుండా పోతుందన్నది బేలును కోసిన అధికారి తేల్చాలి, కోస్తే.

బేలు బయలుదేరే చోటే విడదీస్తే ఖర్చు అక్కడి ఇళ్ల మీద, మున్సిపాలిటీల మీద పడుతుంది. రేవులో ఆపితే కంటైనర్ రోజుల తరబడి నిలుస్తుంది, అద్దె దిగుమతిదారుడి మీద. మిల్లు దగ్గర ఆపితే పారవేసే ఖర్చు మిల్లుది. ఈ మూడు చోట్లా ఆగని ప్లాస్టిక్ లారీ ఎక్కి పుంగ్గింగ్ మండలం రోడ్డు మీదుగా బంగున్‌లోకి వస్తుంది. అక్కడ ఎండలో గంపలు సిద్ధంగా ఉంటాయి, పక్కనే కోళ్లు నేల గీరుతుంటాయి.